వంజంగిలో మేఘాల సముద్రం, పాలపుంత: ఒకే రాత్రిలో రెండూ ఎలా తీయాలి?

చలికాలం మొదలవగానే చాలామంది ఇవే అడుగుతారు. "పాడేరు దగ్గర వంజంగి వెళ్తున్నాం. పొద్దున మేఘాలు, రాత్రి నక్షత్రాలు ఒకే ట్రిప్పులో వస్తాయా? ఏ కెమెరా కొనాలి?" మొదటి ప్రశ్నకు జవాబు: వస్తాయి. రెండోదానికి: ఇప్పటికిప్పుడు ఏమీ కొనకండి. కెమెరా కంటే తేదీ, తిథి, మీరు నిలబడే ఎత్తు ముఖ్యం. ఇవి సరిగ్గా కుదిరితే కెమెరాతో పాటే వచ్చే మామూలు కిట్ లెన్సుతోనూ మంచి ఫోటో వస్తుంది. కుదరకపోతే లక్షల ఖరీదు చేసే లెన్సుతోనూ రాదు.

థియరీ ఒక్కటే చెప్తాను. ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి వీచకుండా ఉన్న రాత్రి నేల వేడి త్వరగా పైకి పోతుంది. లోయలోని తేమ గాలి చల్లబడి పొగమంచుగా మారి అక్కడే నిలుస్తుంది. పొద్దున మనం పైనుంచి చూసి మేఘాలు అనేది దాన్నే. నక్షత్రాలకు కావలసింది కూడా అలాంటి రాత్రే. అందుకే ఒకటి బాగా వచ్చిన రోజు రెండోదీ వచ్చే అవకాశం ఎక్కువ. మీరు మంచుకు పైన ఉన్నారా, లోపల ఉన్నారా అన్నదే తేడా. పైన ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. లోయ నిండా పరుచుకున్న మంచు ఊళ్ల దీపాల వెలుగును కప్పేసి ఆకాశాన్ని మరింత నల్లగా చేస్తుంది.

కింద చెప్పినవన్నీ వంజంగిని దృష్టిలో పెట్టుకుని రాశాను. లంబసింగి, అరకు దగ్గరి మాడగడ, అనంతగిరి దారిలోని గాలికొండ వెళ్లేవాళ్లకూ చాలావరకు ఇవే పనికొస్తాయి.

కావలసినవి

- మాన్యువల్ మోడ్, రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే పూర్తి ఫైల్) ఉన్న ఏ డీఎస్ఎల్ఆర్ అయినా, మిర్రర్‌లెస్ అయినా సరే. ఫోన్‌తో తీసేవాళ్ల గురించి విడిగా చెప్తాను.
- ఒక వైడ్ లెన్సు. 14 నుంచి 24 ఎంఎం మధ్య, ఎఫ్ 2.8 (లెన్సు ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, తక్కువైతే వెలుగు ఎక్కువ) ఉంటే హాయి. లేకపోతే కిట్ లెన్సును 18 ఎంఎం దగ్గర వాడండి.
- పొద్దుటి మేఘాలకు 70-200 లేదా 55-250 లాంటి టెలీ లెన్సు. చాలామంది దీన్ని ఇంట్లో వదిలేసి వస్తారు. మేఘాల్లోంచి తేలే కొండకొమ్మలు దీంతోనే బాగా వస్తాయి.
- గట్టి ట్రైపాడ్. ఇందులో మాత్రం పొదుపు చేయకండి.
- కనీసం 2 బ్యాటరీలు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. వాడనిదాన్ని లోపలి జేబులో, ఒంటికి తగిలేలా ఉంచుకోండి.
- ఎర్ర వెలుగున్న హెడ్‌ల్యాంప్. లేకపోతే మామూలు టార్చికి ఎర్ర జెలటిన్ కాగితం రెండు మడతలు చుట్టండి.
- లెన్సు మీద మంచు పట్టకుండా యూఎస్‌బీతో వేడెక్కే పట్టీ, పవర్ బ్యాంకు. పట్టీ దొరక్కపోతే మెడికల్ షాపుల్లోనో ట్రెక్కింగ్ సామాన్ల షాపుల్లోనో దొరికే చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు, రెండు రబ్బరు బ్యాండ్లు.
- లెన్సు తుడిచే గుడ్డలు మూడు నాలుగు, ఒక పెద్ద జిప్ కవరు, కొంచెం కాగితపు టేపు.
- స్వెట్టర్, మంకీ క్యాప్, వేళ్లు బయటికొచ్చే గ్లవ్స్, మంచినీళ్లు. పాడేరు ప్రాంతం దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం అక్కడ మామూలే. విశాఖలో ఉక్కపోత చూసి టీ షర్టుతో బయల్దేరితే రాత్రి 2 గంటలకు ఫోటోల మీద ధ్యాసే ఉండదు.

1. ముందు తేదీ తేల్చుకోండి

ఇక్కడే సగం ట్రిప్పులు పాడవుతాయి. సెలవు దొరికిన శనివారం బయల్దేరతారు. తీరా చూస్తే ఆ రోజు పౌర్ణమి. చంద్రుడున్నప్పుడు పాలపుంత కనిపించదు. గోడకున్న పంచాంగం క్యాలెండర్ తీసి తిథి చూడండి. అయితే "అమావాస్యకు వెళ్లాలి" అన్న ఒక్క సూత్రం సరిపోదు. మీకు ఆకాశం నల్లగా కావలసింది సాయంత్రమా, తెల్లవారుజామా అన్నదాన్ని బట్టి మంచి తిథులు మారతాయి.

ఫోటోల్లో మెరిసే పాలపుంత మధ్యభాగం ధనుస్సు, వృశ్చిక రాశుల వైపు ఉంటుంది. మన అక్షాంశంలో అది ఎప్పుడు కనిపిస్తుందంటే:

అక్టోబరులో చీకటి పడగానే, రాత్రి 7 గంటల వేళ నైరుతిలో, దిగంతానికి దాదాపు 30 డిగ్రీల ఎత్తున ఉంటుంది. రాత్రి 9కల్లా బాగా కిందికి దిగిపోతుంది. నవంబరు రెండో వారానికి చీకటి పడేసరికే 12 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అంటే ఆఖరి చూపు అన్నమాట. సాయంత్రం చీకటి కావాలి కనుక బహుళ పంచమి నుంచి అమావాస్య దాకా, ఆ తర్వాత శుద్ధ తదియ వరకు మంచి రోజులు. దీపావళి అక్టోబరులో వస్తే దాని ముందు వారం బంగారం. వానలకు గాలి కడిగినట్టు ఉంటుంది. వలిసె పూలు కూడా పసుపు పచ్చగా విచ్చుకోవడం మొదలవుతుంది. ఒకటే భయం, బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే మొత్తం రద్దు.

ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఇదే భాగం తెల్లవారుజామున వస్తుంది. ఫిబ్రవరి 20 ప్రాంతంలో రాత్రి రెండున్నరకు, మార్చి 20 ప్రాంతంలో పన్నెండున్నరకు ఉదయిస్తుంది. ఇప్పుడు చంద్రుడు తెల్లవారుజామున ఉండకూడదు. కాబట్టి అమావాస్య నుంచి శుద్ధ అష్టమి దాకా వెళ్లండి. అష్టమి చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు, ఆ తర్వాత చీకటే. ఈ కాలంలో ఒక ఇబ్బంది ఉంది. కొండవాలుల్లో పోడు కోసం, ఎండుగడ్డికి నిప్పు పెడతారు. ఆ పొగ రోజుల తరబడి లోయల్లో నిలిచిపోతుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో మేఘాలు అద్భుతంగా వస్తాయి. కానీ పాలపుంత మధ్యభాగం సూర్యుడి వైపు ఉంటుంది కాబట్టి జనవరి చివరి తెల్లవారుజాములు తప్ప రాత్రి కనిపించదు. ఎంత రాత్రి మేలుకున్నా రాదు. ఈ మాట ముందు తెలియక నిరాశపడేవాళ్లు చాలామంది. దానికి బదులు తూర్పున లేచే రోహిణి, ఆరుద్ర, మన ఊళ్లలో పిల్లలకోడి అనే కృత్తికల గుంపు, వాటి వెనకే లుబ్ధకుడు (సిరియస్) ఉంటాయి. డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు ఎక్కువగా రాలతాయి. చంద్రుడు అడ్డు లేని ఏడాది అయితే ఆ ఒక్క రాత్రి కోసమే వెళ్లొచ్చు.

నన్నడిగితే, రెండూ కావాలనుకునేవాళ్లకు అక్టోబరు చివరి వారమే మొదటి ఎంపిక. దానికి ఇంకో కారణం 3వ మెట్టులో చెప్తాను.

2. రెండు రోజుల ముందు వాతావరణం చూడండి

విండీ లాంటి యాప్‌లో పాడేరు పెట్టి మూడు చూడండి. రాత్రి మబ్బు శాతం, గాలి వేగం, ఉష్ణోగ్రతకూ, గాలిలోని తేమ నీటి చుక్కలయ్యే ఉష్ణోగ్రత అయిన డ్యూ పాయింట్‌కూ తేడా. మబ్బు లేకుండా, గాలి గంటకు 8 కిలోమీటర్ల లోపు ఉండి, తెల్లవారుజామున ఆ తేడా 1, 2 డిగ్రీలకు తగ్గుతుంటే మంచు పడే అవకాశం బాగా ఉంది. ముందు రోజు ఒక జల్లు పడితే ఇంకా మంచిది. గాలి బలంగా ఉంటే నక్షత్రాలు వస్తాయి కానీ మేఘాల సముద్రం రాదు. మబ్బు కమ్మి ఉంటే రెండూ పోతాయి. బయల్దేరే ముందు భారత వాతావరణ శాఖ (ఐఎండీ) ఉపగ్రహ చిత్రం కూడా ఒకసారి చూడండి.

స్టెల్లేరియం యాప్‌లో మీ తేదీ, సమయం, పాడేరు పెట్టి ఆకాశాన్ని ఇంట్లోనే చూసేయండి. ఉచితమే. ఏ గంటకు పాలపుంత ఏ దిక్కున, నిలువుగా ఉంటుందా అడ్డంగా ఉంటుందా తెలిసిపోతుంది.

3. వెలుతురు ఉండగానే చేరి చోటు ఎంచుకోండి

విశాఖ నుంచి పాడేరు దాదాపు 110 కిలోమీటర్లు, ఆఖరున ఘాట్ రోడ్డు. మధ్యాహ్నానికి చేరేలా చూసుకోండి. మంచు దిగిన తర్వాత ఆ మలుపుల్లో బండి నడపడం ప్రమాదం. తప్పనిసరైతే హై బీమ్ వేయకండి. మంచు ఆ వెలుగును మీ కళ్లలోకే తిప్పి కొడుతుంది.

కొండ కింద బండి ఆపి నడిచి ఎక్కాలి. పైన రాత్రి ఉండనిస్తారా, గేటు ఎన్నింటికి తీస్తారు, రుసుము ఎంత అన్నవి సీజన్‌ను బట్టి మారుతుంటాయి. పాడేరులోనే అడిగి తెలుసుకోండి. పైన ఉండనివ్వకపోతే కంగారు వద్దు. కింద గుడారాల దగ్గర, లేదా ఊరి చివర వెలుగు లేని చోట నక్షత్రాలు తీసుకుని, తెల్లవారుజామున పైకి ఎక్కండి. అయితే కింద మంచు అర్ధరాత్రి దాటాక మీ మీదికే వస్తుంది. కాబట్టి నక్షత్రాల పని త్వరగా ముగించుకోవాలి. తెల్లవారుజాము పాలపుంత కావాలంటే మాత్రం పైన ఉండాల్సిందే.

చోటు చూసేటప్పుడు ఫోన్‌లో దిక్సూచి తెరవండి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. పాడేరు నుంచి విశాఖ దాదాపు ఆగ్నేయం వైపు ఉంది. మార్చిలో పాలపుంత మధ్యభాగం ఉదయించేదీ ఆ దిక్కునే. అంటే లేచీ లేవగానే తీస్తే నగరపు నారింజ వెలుగులో మునిగి కనిపిస్తుంది. కనీసం గంటన్నర ఆగండి. అది పైకెక్కి దక్షిణం వైపు జరిగాక తీయండి. అక్టోబరులో ఈ బాధ లేదు. అప్పుడు అది నైరుతిలో, చింతపల్లి అడవుల మీదుగా దిగుతుంది. అటు పెద్ద నగరమేదీ దగ్గరలో లేదు.

సూర్యోదయం దిక్కు కూడా గుర్తు పెట్టుకోండి. మార్చిలో సరిగ్గా తూర్పు. డిసెంబరులో తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉంటుంది. ముందువైపు ఒక చెట్టో, రాయో, గుడారమో ఉండేలా రెండు చోట్లు ఎంచుకోండి. ఒకటి నక్షత్రాలకు, ఒకటి పొద్దుటికి. అంచు ఎక్కడుందో పగలే చూసుకోండి. చీకట్లో వెనక్కి నడుస్తూ ఫ్రేమ్ సరిచేసుకునే అలవాటు ఉంటే ఇప్పుడే మానండి.

4. మధ్యాహ్నం

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు లోయ ఫోటోలు చప్పగా వస్తాయి. ఆ సమయంలో నీడలోకి వెళ్లండి. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. నవంబరు నుంచి జనవరి దాకా పండ్లు ఎర్రగా ఉంటాయి. జి.మాడుగుల వైపు కొత్తపల్లి జలపాతం ఉంది. పోలరైజర్ (నీటి మీది మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టి, సెకనులో నాలుగో వంతు నుంచి ఒక సెకను దాకా షట్టర్ ప్రయత్నించండి. సంత ఉన్న రోజైతే జనం ఫోటోలు బాగా వస్తాయి. కానీ మనుషుల్ని తీసేముందు అడగండి. వద్దంటే కెమెరా దించేయండి. తర్వాత రెండు గంటలు పడుకోండి, రాత్రికి పనికొస్తుంది.

5. సాయంత్రం: ట్రైపాడ్ వేయండి, ఇక కదపకండి

సూర్యాస్తమయానికి గంట ముందే పైన ఉండండి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది. పూర్తి చీకటికి ఇంకో గంటా పావు పడుతుంది. సూర్యుడు దిగాక 20 నుంచి 30 నిమిషాల మధ్య వచ్చే నీలి వెలుగులో, మీరు నక్షత్రాలకు ఎంచుకున్న ఫ్రేమ్‌లోనే నేలను తీసి పెట్టుకోండి. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సారు చూపే సున్నితత్వం) 100, ఎఫ్ 8, కొన్ని సెకన్లు. రాత్రి ఆకాశాన్ని అదే చోట, అదే ఫ్రేమ్‌లో తీస్తే తర్వాత రెండూ కలపొచ్చు. అలా కలిపిన ఫోటోను కలిపానని చెప్పి పెట్టండి, అంతే.

కలపడం ఇష్టం లేకపోతే ఇంకో దారి. రాత్రి అదే ఫ్రేమ్‌లో నేల కోసం విడిగా 2 నిమిషాల ఎక్స్‌పోజర్ ఐఎస్ఓ 1600 దగ్గర తీయండి. కింద మంచు పరుచుకుని ఉంటే నక్షత్రాల వెలుగులోనే అది పాల తెలుపుగా వస్తుంది.

6. ఫోకస్: తొందరపడకండి

పోయిన ఫోటోల్లో ఎక్కువ భాగం ఇక్కడే పోతాయి. లెన్సు మీద అనంతం గుర్తు దగ్గర పెట్టి వదిలేస్తే సరిపోదు. ఆ గుర్తు కొంచెం అటూఇటూగా ఉంటుంది.

ఆటో ఫోకస్ ఆపండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సు స్టెబిలైజర్ కూడా ఆపండి. లైవ్ వ్యూలో ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మధ్యలోకి తెచ్చి, స్క్రీన్ మీద 10 రెట్లు పెద్దది చేయండి. లుబ్ధకుడు, అగస్త్యుడు, గురుగ్రహం ఏదైనా సరే. రింగు నెమ్మదిగా తిప్పుతుంటే నక్షత్రం చిన్నదవుతూ వచ్చి మళ్లీ పెద్దదవుతుంది. అతి చిన్న చుక్కగా ఉన్న చోట ఆపి, రింగు మీద కాగితపు టేపు అంటించండి. జూమ్ రింగు మీద కూడా. నక్షత్రం స్క్రీన్ మీద కనిపించకపోతే దూరంగా ఉన్న సెల్ టవర్ దీపంతో చేయండి.

ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. చుక్క చుక్కలాగే ఉంటే ముందుకు వెళ్లండి. చిన్న గుండ్రటి బిళ్లలా ఉంటే మళ్లీ మొదటికి. ప్రతి గంటకోసారి, లెన్సు తుడిచిన ప్రతిసారీ తిరిగి చూడండి. చలికి ఫోకస్ కొద్దిగా జరుగుతుంది.

7. ఎక్స్‌పోజర్

ఈ అంకెలతో మొదలుపెట్టండి:

- అపర్చర్: లెన్సులో ఎంత తెరుచుకుంటే అంత. ఎఫ్ 1.8 లెన్సు అయితే 2.2 దాకా మూయండి, మూలల్లో నక్షత్రాలు బాగుంటాయి.
- ఐఎస్ఓ: ఎఫ్ 2.8కి 3200, కిట్ లెన్సు ఎఫ్ 3.5కి 6400.
- వైట్ బ్యాలెన్స్: 4000 కెల్విన్. ఆటోలో వదలకండి.
- రా ఫైల్, 2 సెకన్ల టైమర్.

షట్టర్ సమయానికి 500 సూత్రం అందరూ చెప్తారు. 500ను ఫోకల్ లెంగ్తుతో (లెన్సు మీది ఎంఎం అంకెతో) భాగిస్తే ఎన్ని సెకన్లు తీయొచ్చో వస్తుంది. ఇప్పటి 24 మెగాపిక్సెల్ కెమెరాలకు అది కాస్త ఎక్కువే, నక్షత్రాలు గీతలవుతాయి. 300తో భాగించండి. చిన్న సెన్సారు కెమెరాలో 18 ఎంఎం అంటే 1.5తో గుణిస్తే 27. 300ను 27తో భాగిస్తే 11 సెకన్లు. ఫుల్ ఫ్రేమ్‌లో 20 ఎంఎం అయితే 15 సెకన్లు. కేనన్ చిన్న సెన్సారు వాళ్లు 1.6తో గుణించండి.

సెకన్లు తక్కువయ్యాయే, నాయిస్ (ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) వస్తుందేమో అని టెన్షన్ పడకండి. అదే ఫ్రేమ్ వరుసగా 10 నుంచి 15 సార్లు తీయండి. ఇంటికొచ్చాక విండోస్‌లో సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, మ్యాక్‌లో స్టారీ ల్యాండ్‌స్కేప్ స్టాకర్ వాటిని ఒకటిగా కలిపి నాయిస్ తగ్గిస్తాయి. ఎఫ్ 3.5 కిట్ లెన్సు ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

తీసినదాన్ని స్క్రీన్ చూసి నమ్మకండి. చీకట్లో ఏ ఫోటో అయినా వెలుగుగా కనిపిస్తుంది. స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించి, హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. గుట్ట ఎడమ గోడకు అతుక్కుని ఉంటే ఫోటో మరీ చీకటి, ఐఎస్ఓ పెంచండి. గోడ నుంచి విడివడి ఎడమ నుంచి మూడో వంతు దగ్గర ఉంటే సరిపోయింది.

ఫోన్‌తో తీసేవాళ్లు: ట్రైపాడ్ తప్పనిసరి. పిక్సెల్ ఫోన్లలో ఆస్ట్రోఫోటోగ్రఫీ మోడ్, కొన్ని శాంసంగ్ ఫోన్లలో ఎక్స్‌పర్ట్ రా యాప్ ఉంటాయి. ఐఫోన్ కొత్త మోడళ్లను కదలకుండా పెడితే నైట్ మోడ్ 30 సెకన్ల దాకా తీసుకుంటుంది. ఇవేవీ లేకపోతే ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 1600, 15 సెకన్లు, మాన్యువల్ ఫోకస్ దూరం చివరికి. మెయిన్ కెమెరాతోనే తీయండి. అల్ట్రావైడ్ కెమెరా చాలా ఫోన్లలో చీకటికి పనికిరాదు.

8. మంచు నుంచి లెన్సును కాపాడండి

ఈ కొండల్లో అసలు శత్రువు ఇదే. రాత్రి 10 దాటాక గుడారాల మీద, గడ్డి మీద, మీ జుట్టు మీద నీళ్లు కనిపిస్తాయి. లెన్సు ముందు గాజు మీద కూడా అంతే, కానీ అది చీకట్లో కనపడదు. ఫోటోల్లో నక్షత్రాల చుట్టూ మెత్తటి వలయాలు వచ్చి, క్రమంగా మొత్తం మసకబారుతుంది. "ఫోకస్ పోయింది" అనుకుని రింగు తిప్పేస్తారు, అప్పుడు నిజంగానే ఫోకస్ కూడా పోతుంది.

వేడి పట్టీని తేమ పట్టాక కాకుండా మొదటి నుంచే కట్టండి. పొట్లాలైతే రెండు, లెన్సు ముందు భాగానికి రెండు వైపులా రబ్బరు బ్యాండుతో. టేపు వేసిన రింగుకు తగలకూడదు. ప్రతి పావుగంటకు ఎర్ర టార్చి పక్కవాటుగా వేసి గాజు చూడండి. తేమ పట్టితే చొక్కా అంచుతో రుద్దకండి, నోటితో ఊదకండి. పొడి గుడ్డతో మెల్లగా అద్ది, పట్టీని ఇంకాస్త ముందుకు జరపండి. యూవీ ఫిల్టర్ ఉంటే రాత్రికి తీసేయండి. పోలరైజర్ మధ్యాహ్నం పెట్టి మర్చిపోయి ఉంటే అదీ తీయండి, వెలుగులో సగానికి పైగా అది తినేస్తుంది.

9. ఖాళీ సమయంలో నక్షత్ర వలయాలు

పాలపుంత సమయం కానప్పుడు కెమెరాను ఉత్తరానికి తిప్పండి. ఇక్కడ ధ్రువ నక్షత్రం దిగంతానికి దాదాపు 18 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే ఒక్కో పిడికిలి సుమారు 10 డిగ్రీలు. ఉత్తరాన రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో వెతకండి. అంత కిందుగా ఉంటుంది కనుక ముందు ఎత్తైన చెట్టు పెట్టకండి, వలయాల నడుమ మూసుకుపోతుంది.

30 సెకన్లు, ఎఫ్ 4, ఐఎస్ఓ 800. ఇంటర్వెల్ టైమర్‌తో 120 ఫోటోలు, అంటే గంట. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపి ఉందో లేదో చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటో తర్వాత మరో 30 సెకన్లు కెమెరా పని చేసుకుంటూ కూర్చుంటుంది, గీతలు ముక్కలుముక్కలుగా వస్తాయి. స్టార్‌స్టాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వీటిని కలపొచ్చు.

చలిమంట కావాలంటే కెమెరాకు దూరంగా, అనుమతి ఉన్న చోటే. ఫిబ్రవరి దాటితే అసలు వద్దు. గడ్డి అంటుకోవడానికి ఒక నిప్పురవ్వ చాలు.

10. తెల్లవారుజాము: మేఘాల సముద్రం

తూర్పు తెలుపు సూర్యోదయానికి గంటా పావు ముందే మొదలవుతుంది. నక్షత్రాల పని అప్పటికి ఆపేయాలి. ఐఎస్ఓ 100కు దించండి, ఎఫ్ 8, లెన్సు మీద టేపు తీసి ఆటో ఫోకస్ తిరిగి పెట్టండి. ఇది మర్చిపోయి పొద్దుటి ఫోటోలన్నీ ఐఎస్ఓ 6400లో తీసుకొచ్చేవాళ్లు ఉన్నారు. సాయంత్రమే కెమెరాలో రెండు కస్టమ్ సెట్టింగులు దాచుకుంటే ఒక్క డయల్ తిప్పితే సరిపోతుంది.

సీజన్లో ఆదివారాలు పైన జనం కిక్కిరిసి ఉంటారు. ఐదు గంటలకే ట్రైపాడ్ చోటు పట్టుకోండి. వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్లండి.

తెల్లటి మంచును కెమెరా బూడిద రంగుగా మారుస్తుంది. సూర్యుడు రాకముందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 0.7 నుంచి 1 దాకా పెంచండి. సూర్యుడు ఫ్రేమ్‌లోకి రాగానే లెక్క తిరగబడుతుంది. హైలైట్ హెచ్చరిక (మరీ తెల్లబారిన చోట్లు స్క్రీన్ మీద మిణుకుమనే సెట్టింగు) పెట్టుకుని, సూర్యుడి చుట్టూ తప్ప ఇంకెక్కడా మిణుకు మిణుకుమనకుండా చూడండి. అనుమానం ఉంటే మైనస్ 2, సున్నా, ప్లస్ 2గా మూడు ఫోటోలు తీయండి.

వైడ్ లెన్సుతో నాలుగు ఫోటోలు తీశాక టెలీ పెట్టండి. సూర్యుడి వైపే చూడకుండా, పక్క నుంచి వెలుగు పడుతున్న ఉత్తర, దక్షిణ దిక్కుల కొండవరుసలు చూడండి. సూర్యోదయం అయిపోగానే జనం దిగిపోతారు. మీరు ఇంకో గంట ఉండండి. ఎండకు మంచు కదలడం మొదలై, కొండల మధ్య నుంచి పొర్లుతూ, చెట్ల మధ్య కిరణాలు చాపుతూ వెళ్లేది అప్పుడే.

మంచు మీ కొండనే కమ్మేస్తే? ఆశ వదులుకోకండి, అది అలలా వస్తూ పోతూ ఉంటుంది. అరగంట చూడండి. ఆలోగా మంచులో చెట్లు, కాలిబాట మీద నడిచే మనుషులు తీయండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా లోయ ఖాళీగా ఉంటే గాలి వల్లే. ఆ రోజుకు మెట్టుపొలాల మీద పడే తొలి ఎండతో సరిపెట్టుకోవాలి.

11. దిగే ముందు

చల్లటి కెమెరాను ఒక్కసారిగా వెచ్చటి గదిలోకో కారు హీటర్ దగ్గరికో తీసుకెళ్తే లోపల కూడా తేమ పడుతుంది. పైనే జిప్ కవరులో పెట్టి మూసేయండి. గదిలో గంట ఆగాక తెరవండి. కార్డు బయటికి తీయాలంటే కవరులో పెట్టకముందే తీయండి. ట్రైపాడ్ కాళ్లు విప్పి ఆరబెట్టండి. మీ చెత్త, వీలైతే పక్కవాళ్ల నీళ్ల సీసా కూడా కిందికి తీసుకురండి.

ఇంటికొచ్చాక ఫోటో ఎలా పరీక్షించాలి?

కంప్యూటర్లో 100 శాతం సైజులో తెరిచి, మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒకసారి నక్షత్రాల ఆకారం చూడండి. తప్పు ఎక్కడ జరిగిందో అవే చెప్తాయి.

- అన్ని చోట్లా ఒకే తీరున చిన్న గీతలు: షట్టర్ సమయం ఎక్కువైంది.
- మధ్యలో చుక్కలు, మూలల్లో రెక్కలు విప్పిన పిట్టల్లా ఉన్నాయి: లెన్సు లోపం. మరోసారి అపర్చర్ ఒక స్టాప్ (వెలుగు సగమయ్యేంత) మూయండి.
- వంకర టింకర గీతలు, లేదా ప్రతి నక్షత్రం జంటగా: ట్రైపాడ్ కదిలింది. మధ్య కర్ర పైకి లేపి ఉంటుంది, లేదా కెమెరా బెల్టు గాలికి ఊగి ఉంటుంది. కర్ర దించి, బెల్టు తీసేసి, సంచిని ట్రైపాడ్‌కు నేలను తాకేలా వేలాడదీయండి.
- గుండ్రటి బిళ్లలు: ఫోకస్.
- చుక్క పదునుగా ఉండి చుట్టూ మెత్తటి వెలుగు: తేమ. టైము చూస్తే ఎన్నింటికి మొదలైందో తెలుస్తుంది, మరుసటి ట్రిప్పులో అంతకు గంట ముందే పట్టీ వేడి పెంచండి.
- అన్నీ బాగున్నాయి కానీ ఆకాశం కింది భాగం నారింజ రంగు: ఊరి వెలుగు. వైట్ బ్యాలెన్స్ మార్చి పూర్తిగా పోగొట్టాలని చూడకండి, ఆకాశమంతా ఊదా రంగుకు తిరుగుతుంది. కింది భాగానికి మాత్రమే గ్రేడియెంట్ వేసి రంగు గాఢత తగ్గించండి.

ఎడిటింగ్‌లో క్లారిటీ, డీహేజ్ స్లైడర్లను పూర్తిగా కుడికి లాగడం కొత్తవాళ్లందరూ చేసే పని. డీహేజ్ 15, 20 దాటితే నక్షత్రాల మధ్య చీకట్లో మచ్చలు తేలతాయి. మంచు ఫోటోలకైతే డీహేజ్ అసలు ముట్టుకోకండి. అంత దూరం వెళ్లి తీసుకొచ్చిన మంచును అదే తుడిచేస్తుంది.